తీతు బండి మిస్సింగ్

శనివారం పొద్దున్న పది గంటలకల్లా సొంత మినీ ట్రక్కులో పూరీ గేట్‌లోని అత్తవారింటికి వెళ్ళి, భార్య రెబెక్కా బీరువాను తాల్‌బగీచాలోని తమ ఇంటికి తెచ్చుకోవాలన్నది తీతు పథకం. అందులో కష్టమేమీ లేదు. బీరువా ఉంది, ట్రక్కు ఉంది, మధ్య దూరం కూడా ఎక్కువ కాదు. పెళ్ళై పద్దెనిమిది రోజులే అయింది కాబట్టి ఉత్సాహానికి లోటు లేదు. ఆ ఇంట్లో ఉప్పు డబ్బా అందించుకోవడం కూడా ఇంకా ముచ్చటగానే సాగుతోంది. ఇద్దరూ ఒకే గ్లాసులో టీ తాగుతున్నారు. రెండో గ్లాసు కడగడానికి బద్ధకించి మాత్రం కాదు.

బీరువా కోసం వేరే బండి మాట్లాడతానని మామగారు జ్ఞానరత్నం అన్నాడు. తీతు ఒప్పుకోలేదు. రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై ఆరేళ్ళు బ్రేకు ఫిట్టరుగా చేసి, సర్వీసు బుక్కులో ఒక్క మచ్చ లేకుండా రిటైరయ్యానని చెప్పుకునే ఆ పెద్దమనిషికి అల్లుడిలో కనిపించిన లోపం ఒక్కటే: రైల్వే కాదు. రైల్వే ఊరైన ఖరగ్‌పూర్‌లో అది చిన్న లోపమేమీ కాదు. తాగుడుంటే మాన్పించవచ్చు, కోపముంటే తగ్గించవచ్చు, ప్రైవేటును ఏం చేయగలం? పెళ్ళిలో చుట్టాలకు పరిచయం చేసేటప్పుడు కూడా ఆయన "అబ్బాయికి సొంత బండి" అని, కొంచెం ఆగి, "ప్రస్తుతానికి" అన్నాడు. ఆ చివరి మాటకు శనివారం పది గంటలకు బదులు చెప్పాలని తీతు నిర్ణయించుకున్నాడు.

బదులు గట్టిగా ఉండాలని గురువారం సాయంత్రమే బండికి కొత్త సామాను బిగించాడు. ఆన్‌లైన్‌లో తెప్పించిన పెద్ద ఎయిర్ ఫిల్టరు, దానికి ఏనుగు తొండమంత రబ్బరు పైపు. ఇంజను ఎంత గాలి పీలిస్తే అంత బలం అని పదకొండు నిమిషాల వీడియోలో ఒకాయన చెప్పాడు. ఆయన చెప్పిన జాగ్రత్తలన్నీ తీతు తీసుకున్నాడు. మిగిలిన మూడు బోల్టులను కూడా జాగ్రత్తగా దాచాడు. శుక్రవారం బండికి సెలవు.

"నేను కుట్టిన రుమాలేదండీ? రెండ్రోజుల్నుంచి కనపడ్డం నేదు," అంది రెబెక్కా, అట్టు మీద అట్టు వేస్తూ.

"నా దగ్గరే ఉంది."

"మీ దగ్గరంటే ఎక్కడ?"

"గుండె దగ్గర," అని తీతు చొక్కా జేబు తడుముకున్నాడు. జేబులో పాత డీజిల్ బిల్లుంది. దాన్నే ప్రేమగా తట్టి బయటికి నడిచాడు. ఎర్రదారంతో రెండు పేర్లూ కుట్టిన ఆ రుమాలు ఇంట్లోనే ఎక్కడో ఉంటుందని అతని నమ్మకం.

బండి స్టార్టయింది. తర్వాత మనసు మార్చుకుంది. రెండుసార్లు దగ్గి, ఒకసారి ఎక్కిళ్ళు పెట్టి, గోడ పక్కన పేపరు చదువుకుంటున్న సుందర్ రాజు మీదికి నల్లటి పొగ వదిలింది. సుందర్ రాజు డీజిల్ షెడ్డులో రిటైరయ్యాడు. మామూలుగా తాల్‌బగీచాలో ఏ ఇంజను దగ్గినా ముగ్గురు రిటైర్డు రైల్వేవాళ్ళు వస్తారు. మిగతా ఇద్దరూ ఊళ్ళో లేకపోవడం తీతు అదృష్టం.

"ఆపు. మల్లీ తియ్యి. ఇంకాపు," అన్నాడు సుందర్ రాజు, లుంగీ ఎగ్గట్టి. "మిస్సింగ్ కొడతంది రా. ఇంజను దెబ్బలు తప్పతంది."

"కొత్త ఫిల్టరేసినాను బాబాయ్."

"అదే తప్పు. మూడు వేల హార్స్ పవర్ ఇంజన్లు సూసినోణ్ణి నేను. ఇదేటి, మిక్సీ. ఐదు నిమిషాలు. జాబ్ కార్డు రాయించు."

"జాబ్ కార్డేటి బాబాయ్, ఇది నా బండి."

"కాయితం నేకుండా నేను స్పానరు ముట్టుకోను."

రెబెక్కా ఒక నోటు పుస్తకం తెచ్చి, 'ఫిర్యాదు: మిస్సింగ్' అని అందంగా రాసింది. ఆమె డిగ్రీ చదివాక రాసిన మొదటి అధికారిక పత్రం అది. ఆ తర్వాత తల్లికి ఫోన్ చేసింది. ఇంజను పక్కనే ఉరుముతోంది.

"అమ్మా, ఆలస్యమవతాది. పొద్దున్నుంచి బండి మిస్సింగ్. ఆయన పాపం తిరగేసి మరగేసి సూస్తన్నారు. ఏటి సెయ్యాలో తెల్డం నేదు."

ఇంజను తన వంతు మాటలు తినేసింది. పూరీ గేట్‌లో సూసన్నమ్మకు వినిపించింది ఇది: "పొద్దున్నుంచి... మిస్సింగ్. ఆయన... ఏటి సెయ్యాలో తెల్డం నేదు."

ఆమె మళ్ళీ అడిగేలోగా తీతు ఫోను లాక్కున్నాడు. అతని ఫోను సైలెంటులో, టార్చిలైటుగా మారి ఇంజనులో వేలాడుతోంది. వీడియో చూడ్డానికి రెబెక్కా ఫోనే దిక్కు. సూసన్నమ్మ పదకొండుసార్లు చేసింది. పదకొండుసార్లూ వీడియోలో ఆయన నోరు తెరిచి ఆగిపోయాడు. ఎవరు చేస్తున్నారో చూడకుండానే తీతు పదకొండుసార్లూ కట్ చేశాడు.

సూసన్నమ్మ కళ్ళొత్తుకుంటూ పక్కింటి ఎవాంజలిన్‌కు చెప్పింది. ఎవాంజలిన్ 'ప్రార్థనా గొలుసు' అనే వాట్సాప్ గ్రూపు నడుపుతుంది. అందులో నూట నలభై మంది ఉన్నారు. ప్రార్థించేవాళ్ళు పది మంది, మిగతావాళ్ళు సంగతులు తెలుసుకునేవాళ్ళు. పేరు పెట్టడం మర్యాద కాదని ఆమె ఇలా రాసింది: 'పూరీ గేట్ సిస్టరు గారి అల్లుడు మిస్సింగ్. పెళ్ళై పద్దెనిమిది రోజులు. ప్రార్థించండి.' పావుగంటలో ఒకరు అతన్ని స్టేషన్‌లో సంచితో చూశారు. ఇంకొకరు సంచి పెద్దదేనన్నారు. మూడో ఆయన ప్రేమ్ బజార్‌లో మిఠాయి కొట్టు ముందు చూశాడు, పక్కన ఎవరో బెంగాలీ అమ్మాయి కూడా ఉంది.

ఆ కబురు నూట నలభై మందిలో ఒకడైన సుందర్ రాజుకూ వచ్చింది. అప్పటికి అతను రబ్బరు పైపు అలాగే ఉంచి కొత్త ఫిల్టరు పీకి పాతది బిగించాడు, డీజిల్ లైనులో గాలి తీశాడు, జాబ్ కార్డు మూడో పేజీకి వచ్చింది. ఇంజను మాత్రం అలాగే దగ్గుతోంది.

"ఎవులో అల్లుడు పారిపోనాడ్రా. మీ అత్తోరి వైపే. నీకు తెల్సునేటి?" అని సుందర్ రాజు ఫోను చూపించాడు.

తీతు చేతులు తుడుచుకుంటూ చదివాడు. "తెల్దు బాబాయ్. పద్దెనిమిది రోజులకే పారిపోడమేటి? సిగ్గు నేనోడు."

"అదీ మిఠాయి కొట్టు కాడ," అంది రెబెక్కా. "ఆ పిల్లెవరో పాపం."

ముగ్గురూ కాసేపు బాధపడ్డారు. సుందర్ రాజు తీతు తరఫున కూడా 'ఆమేన్' పెట్టాడు.

పదింబావుకు ఇంటి ముందు టోటో అనే బ్యాటరీ రిక్షాలు రెండు, నాలుగు స్కూటర్లు ఆగాయి. ముందు టోటోలోంచి సూసన్నమ్మ దిగింది, వెనక టోటోలోంచి జ్ఞానరత్నం. బండి కింద నుంచి నల్లటి మనిషొకడు పాక్కుంటూ బయటికొచ్చాడు.

"బాబూ, మెకానిక్కు బాబూ," అందామె ఏడుపు గొంతుతో. "ఈ ఇంట్లో తీతు అని మా అల్లుడు. ఆఖరుసారి ఎప్పుడు సూసినావు?"

"నేనే అత్తమ్మా."

సూసన్నమ్మ అతని మొహం చీరకొంగుతో తుడిచింది. కింద నుంచి అల్లుడే తేలాడు. ఆవిడ అక్కడే కూలబడి యేసయ్యకు వందనాలు చెప్పింది. ఎవాంజలిన్ అతని పక్కన బెంగాలీ అమ్మాయి ఎవరైనా ఉందేమోనని ఒకసారి బండి కిందకు కూడా తొంగి చూసింది.

"మిస్సింగన్నావు గదే," అన్నాడు జ్ఞానరత్నం కూతురితో.

"ఇంజను నాన్నా."

వచ్చిన పద్దెనిమిది మందీ ఇంజను వైపు చూశారు. తీతుకు మాత్రం మామగారి మొహమే కనిపించింది. ఆ మొహంలో 'ప్రస్తుతానికి' అన్న మాట మెల్లగా తయారవుతోంది. పదీ దాటింది, బీరువా రాలేదు, బండి కదల్లేదు, సాక్షులు సరిపడా ఉన్నారు. రెబెక్కా వచ్చి భర్త పక్కన నిలబడింది. ఆమె కొత్త చీరకు గ్రీజంటుకుంది. ఇద్దరిలో ఎవరూ అది గమనించలేదు.

"స్టార్ట్ సెయ్యి," అన్నాడు జ్ఞానరత్నం. తల పక్కకు వంచి, కళ్ళు మూసుకుని విన్నాడు. "ఠీక్ హై. ఆపీ. దీనికి ఊపిరాడ్డం నేదు."

చొక్కా చెయ్యి మడిచి, రబ్బరు పైపు ఊడదీసి, ఇంజను వైపు మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. బయటికొచ్చినప్పుడు ఆయన వేళ్ళ మధ్య ఒక నల్లటి గుడ్డ ఉంది. విప్పితే మూల మీద ఎర్రదారం కనిపించింది: రెబెక్కా, తీతు. మధ్యలో చిన్న పువ్వు.

"గుండె దగ్గరన్నారు," అంది రెబెక్కా మెల్లగా.

"ఇంజనంటే బండికి గుండే గదా," అన్నాడు తీతు. గురువారం అంతా అతనికి గుర్తొచ్చింది. పైపు బిగించేటప్పుడు దుమ్ము పడకుండా ఇంజను మూతికి ఏదైనా గుడ్డ పెట్టమని వీడియోలో చెప్పారు. తీయమని కూడా చెప్పే ఉంటారు, సరిగ్గా అప్పుడే రెబెక్కా టీ గ్లాసు తెచ్చింది.

రెబెక్కా నవ్వు ఆపుకోవాలని చూసింది కానీ కుదర్లేదు. బండి స్టార్ట్ చేస్తే కొత్త కోడలంత నెమ్మదిగా నడిచింది. సుందర్ రాజు జాబ్ కార్డులో 'సరిచేయబడినది' అని రాసి తనే సంతకం పెట్టుకున్నాడు.

"మావయ్యగారూ, అందులో రుమాలుందని మీకెలా తెల్సింది?" అడిగాడు తీతు.

జ్ఞానరత్నం చుట్టూ చూశాడు. పద్దెనిమిది మంది తన మాట కోసం ఎదురుచూడడం రిటైరయ్యాక ఇదే మొదటిసారి.

"కొత్త పెళ్ళికొడుకులందరూ ఒకే పని సేస్తార్రా అల్లుడూ. నేనూ ఒకసారి బ్రేకు పైపులో దుమ్ము పడకండా జేబురుమాలు కుక్కి మర్సిపోనాను. మిడ్నాపూర్ లోకలు నలబై నిమిషాలు కదల్నేదు. నేనే తీసి నేనే దాసీసినాను. ఇంక సర్వీసు బుక్కులో మచ్చెలాగ పడతాది?"

అందరూ నవ్వారు. అందరికన్నా తీతు ఎక్కువ నవ్వాడు. మామగారు అతన్ని అల్లుడూ అని పిలవడం అదే మొదలు. సూసన్నమ్మ నవ్వలేదు.

"ఏ రుమాలు?"

జ్ఞానరత్నం మళ్ళీ బండి ఇంజనులోకి చూడ్డం మొదలుపెట్టాడు.

"నేనిచ్చిన నీలం పువ్వులదేనా? కంసాయి నది వంతెన మీద గాలికి ఎగిరిపోనాదన్నారు. ముప్పై మూడేళ్ళయింది. ఆ వంతెన దాటినప్పుడల్లా నేను కిటికీలోంచి కిందకి సూస్తన్నాను."

పన్నెండింటికి ట్రక్కు పూరీ గేట్ చేరింది. ఒంటిగంటకు బీరువా తాల్‌బగీచా చేరింది. రెబెక్కా రుమాలు రెండుసార్లు ఉతికి, పై అరలో పెట్టి, తాళం తన దగ్గరే ఉంచుకుంది. 'అల్లుడు దొరికాడు, వందనాలు' అని ఎవాంజలిన్ గ్రూపులో పెట్టింది. మామగారు మాత్రం సాయంత్రం దాకా మిస్సింగ్.