మిరప బస్తాలో అడాప్టర్లు

నరసరావుపేటలో ఇళ్ల ప్లాన్లు గీసే శివరామయ్యకు ఒక జబ్బుంది. ఏ వస్తువునూ వదలలేడు. చేతికర్ర విరిగితే రెండు కర్రలు వచ్చాయని దాచుకునే రకం.

ఆయన భార్య సుభాషిణికి ఒక చట్టముంది. ఇంట్లోకి కొత్తది ఒకటొస్తే పాతది ఒకటి బయటికి పోవాలి. మిక్సీ వచ్చిన నాడు రోలు పోయింది. మోటారు సైకిలు వచ్చిన నాడు స్కూటరు పోయింది. పాత సామాన్లు కొనే ఫయాజ్ గురువారం గురువారం ఆటో వేసుకొస్తాడు. స్కూటరును ఎక్కించిన రోజున శివరామయ్య వీధి మలుపు దాకా ఆటో వెంట నడిచాడు, కూతుర్ని కాపురానికి పంపే తండ్రిలాగా. "నిదానంగా పోనియ్యి నాయనా, దానికి గతుకులు పడవు," అని అప్పగింతలు కూడా పెట్టాడు.

ఇప్పుడు కొత్త కంప్యూటరు వచ్చింది. ప్లాన్లు చకచకా తిరగాలని అందులో గ్రాఫిక్స్ కార్డు పెట్టించాడు. వెడల్పాటి తెర కూడా కొన్నాడు. పాత కంప్యూటరు ఆ గురువారమే ఆటో ఎక్కేసింది. నలుచదరపు మొహమేసుకుని పాత మానిటరు ఒక్కటీ మిగిలింది.

"పెట్టెకు పెట్టె పోయింది. తెరకు తెర పోవాల," అంది సుభాషిణి.

"అది పాతదెట్టా అవుద్దే? కొత్తదానికి రెండో తెర అది. ఒకదాంట్లో ప్లాను, ఇంకోదాంట్లో కొలతలు. రెండూ కలిపి ఒకటే వస్తువు."

"అట్టయితే రెండూ ఒక్కసారే వెలిగించి చూపించండి. వచ్చే గురువారం లోపల వెలిగితే ఉంటది. లేకపోతే ఫయాజ్‌దే."

శివరామయ్య నడుం పట్టుకుని కార్డు వెనక్కి వంగి చూశాడు. మానిటరు తీగకున్న నీలం ప్లగ్గు దూరే చోటు ఒక్కటీ లేదు. మధ్యన అడాప్టరు కావాలి. కానీ అడాప్టరు కొంటే అదీ కొత్త వస్తువే, దానికింకో పాతది పోవాలి. అందుకని గుట్టుగా తెచ్చి గుట్టుగా దాచాలనుకున్నాడు. కొట్టుగదిలో ఏడాదికి సరిపడా ఎండు మిరపకాయల బస్తా ఉంది. అందులో చెయ్యి పెట్టి వెతికేదెవరు?

శుక్రవారం శివరామయ్య, సుధీర్ బాబు నడిపే కంప్యూటర్ల షాపు నుంచి మొదటి అడాప్టరు తెచ్చాడు. ఒక కొస నీలం ప్లగ్గుకు పట్టింది. రెండో కొసకు సరిపడే రంధ్రం కార్డుకు లేదు.

"అది ముందు తరం కార్డులది బాబాయ్, వెనక్కి తెచ్చియ్యండి," అన్నాడు సుధీర్ బాబు ఫోన్లో.

తెచ్చివ్వడం శివరామయ్య జాతకంలో లేదు. బస్తాలో దూర్చి, నాలుగు తుమ్ములు తుమ్మాడు.

"జలుబా?" వంటింట్లోంచి సుభాషిణి.

"పొద్దున మంచులో తిరిగాలే."

ఆదివారం రెండోది తెచ్చాడు. రెండు కొసలూ పట్టాయి గానీ తెర అమావాస్య లాగే ఉంది.

"ఇది వన్‌వే బాబాయ్. పాత కంప్యూటరు నుంచి కొత్త తెరకు పోద్ది. మీకు కావాల్సింది దీనికి ఎదురుది."

"తిప్పి పెడితే?"

"తిప్పి పెట్టినా బస్సు వెనక్కి నడవదు బాబాయ్."

ఎనిమిది తుమ్ములు.

మంగళవారం తెచ్చిన మూడోది సరైన దారిదే. కానీ అది దూరే రంధ్రం కార్డుకు ఒక్కటే ఉంది, అందులో కొత్త తెర తీగ కూర్చుని ఉంది. దాన్ని పీకి దీన్ని పెడితే పాతది వెలిగింది, కొత్తది ఆరిపోయింది. ఒక్క మంచం, ఇద్దరు అల్లుళ్లు. మిగిలిన మూడు రంధ్రాలది వేరే ఆకారం.

"వాటికి వేరే అడాప్టరు బాబాయ్. గుంటూరు నుంచి శుక్రవారానికల్లా తెప్పిస్తా."

గురువారం చచ్చినవాడికి శుక్రవారం మందెందుకు? శివరామయ్య పన్నెండు తుమ్ములు తుమ్మి, కళ్లు తుడుచుకుంటూ పడుకున్నాడు.

బుధవారం సాయంత్రం సుభాషిణి చేట తెచ్చి ఆయన ముందు పెట్టింది. చేటలో మిరపకాయలు, మిరపకాయల మధ్యన మూడు అడాప్టర్లు.

"మూడు రోజులు తుమ్మారు, మూడు దొరికినయ్. జలుబైతే మధ్యలో రోజు విడిచి రాదండీ."

శివరామయ్య అడాప్టర్ల మీది మిరప గింజలు దులిపాడు.

"మూడు కొత్తవి వచ్చినయ్. మూడు పాతవి పోవాల."

"అవి పనిచెయ్యలేదే."

"చెయ్యకపోయినా వచ్చినయ్‌గా."

తీర్పు అప్పటికప్పుడే వచ్చింది. మోగని రేడియో, గొలుసు లేని సైకిలు, కుంటికాలు మడత కుర్చీ.

"కుర్చీ లేకుండా కంప్యూటరు ముందు ఎట్టా కూచోనే?"

"దాంట్లో కూచున్న రోజులు తక్కువ, దాంట్లోంచి పడ్డ రోజులు ఎక్కువ. పోనియ్యండి."

గురువారం పొద్దున్నే ఆటో వచ్చింది. రేడియో ఎక్కింది, సైకిలు ఎక్కింది, కుర్చీ ఎక్కింది. ఫయాజ్ మానిటరు కోసం చేతులు చాపాడు. శివరామయ్య దాన్ని చంటిబిడ్డలా ఎత్తుకుని వదలడం లేదు.

"బాబాయ్, ఇయ్యండి. నాకు గురజాల దాకా పనుంది."

"ఒక్క రోజు ఆగరాదా ఫయాజూ. గుంటూరు నుంచి దీనికి మందొస్తంది."

గుమ్మంలో నిలబడ్డ సుభాషిణి ఆ మొహం వంక కాసేపు చూసింది. లోపలికి పోయి, రబ్బరు బ్యాండ్లు దాచే డబ్బాలోంచి జానెడు నల్ల తీగ ఒకటి తెచ్చింది.

"ఇది పడతదేమో చూడండి."

ఒక కొస కార్డుకున్న ఆ వింత రంధ్రంలో టక్కున కూర్చుంది. రెండో కొసకు నీలం ప్లగ్గు పట్టింది. రెండు తెరలూ ఒక్కసారే వెలిగాయి.

"ఎక్కడిదే ఇది?"

"కార్డు డబ్బాలోనే వచ్చింది. ఖాళీ డబ్బా అని మీరు అటక మీద దాచారు. దాచే ముందు లోపలికి తొంగి చూడరుగా. నేను చూస్తా."

"మొదటి రోజే ఇయ్యొచ్చుగా."

"ఇస్తే ఆ కుర్చీ పోయేదా?"

ఆటోలో ఫయాజ్ కిసుక్కుమన్నాడు. సుభాషిణి పాత తెర మీది దుమ్మును కొంగుతో తుడిచింది. "మన పిల్ల చందన హాస్టలుకు పోయిన రెండేళ్లూ ఆదివారమొస్తే వీడియో కాల్లో దాని మొహం ఇందులోనే చూశా. దీన్ని నేనిస్తానా?" అని, కళ్లలో ఏదో పడ్డట్టు అదే కొంగు ఒత్తుకుని వంటింట్లోకి పోయింది.

ఆటో మలుపు తిరిగింది. ఈసారి శివరామయ్య వెంట నడవలేదు. రెండు తెరల ముందు దర్జాగా కూర్చోబోయి చూస్తే కుర్చీ లేదు. చుట్టూ చూసి, కొట్టుగదిలోంచి మిరపకాయల బస్తా ఈడ్చుకొచ్చి దాని మీద కూలబడ్డాడు.

బస్తా మూతి లోంచి ఘాటు గుప్పుమంది. వరసగా తుమ్ములు.

వంటింట్లోంచి గొంతు వినపడింది: "ఈసారి ఏం దాచారండీ?"