గడియారానికి సంతకం రాదు

కాలాన్ని కొలవడానికి మనిషికి సూర్యుడున్నాడు, గడియారం ఉంది. రేపల్లెవాళ్ళకు వీటితోపాటు తెనాలి నుంచి వచ్చే సాయంకాలపు పాసింజరు కూడా ఉంది. మొదటి రెండూ ఎవరికోసమూ ఆగవు. పాసింజరు అందరికోసమూ ఆగుతుంది. కాబట్టి మూడింటిలోనూ మర్యాద తెలిసినది అదొక్కటేనని ఒప్పుకోక తప్పదు.

అరవైల చివరి రోజుల్లో ఆ రైలు ఇరవై మైళ్ళ దూరాన్ని రెండు గంటల్లో దాటేది. నడిచివెళ్తే ఇంకా ఆలస్యమవుతుంది గనక దాన్ని రైలనే అనేవారు. ఆలస్యానికి కారణాలన్నీ న్యాయమైనవే. ఒక గేటు దగ్గర గేటుమనిషి భార్య గార్డుగారికి పెరుగుగిన్నె అందించాలి. గార్డుగారు నిన్నటి గిన్నె తిరిగివ్వాలి. అది కనపడకపోతే వెతకాలి. పొలం గట్టుమీద పరిగెత్తుకొస్తున్న మనిషి కనిపిస్తే ఆగాలి. తీరా అతను పరిగెత్తేది రైలు కోసం కాదు, తప్పించుకున్న దూడ కోసమని తేలితే, దూడ దొరికేదాకా చూసి బయల్దేరాలి. (మధ్యలో వదిలేసి వస్తే పెట్టెల్లో ఎవరికీ మనసు కుదురుగా ఉండదు.)

ఈ రైల్లో ఆడవాళ్ళ పెట్టెలో తూర్పువైపు కిటికీ పక్క సీటు రిబ్కాది. ఆమె తెనాలిలో ఆడపిల్లల బడిలో పంతులమ్మ. కాపురం రేపల్లెలో. కోడి కూయకముందే లేచి పొయ్యి వెలిగించి, మావగారికి కాఫీ, మొగుడికి కారియరు, పిల్లలకు జడలు, అత్తగారికి వేణ్ణీళ్ళు అన్నీ అమర్చి పొద్దుటి రైలందుకునేది. బళ్ళో పంతులమ్మ నిలబడే పాఠం చెప్పాలని హెడ్మిస్ట్రెసుగారి ఆజ్ఞ. ఇంటికొస్తే మళ్ళీ పొయ్యి. ఇక ఆమె కూర్చునే చోట్లు లోకంలో రెండే మిగిలాయి, గుడీ రైలూ. ఆదివారం గుడిలో కీర్తన వచ్చినప్పుడల్లా లేచి నిలబడాలి. రైల్లో ఆ బాధ లేదు.

ఆడవాళ్ళ పెట్టెకు ఎక్కడా రాసిపెట్టని నియమావళి ఒకటుండేది. జంపని దాటేవరకూ అత్తల గురించి మాట్లాడుకోవచ్చు. వేమూరు వచ్చేసరికి పిల్లల చదువుల సంగతి ముగించాలి. ఆ తర్వాత ఎవరూ ఎవరినీ పలకరించరాదు. ‘ఇవాళ కూరేంటి’ అన్న ప్రశ్న దారి పొడుగునా నిషిద్ధం. నిద్రపోయినవాళ్ళను రేపల్లె ఔటరు సిగ్నలు దగ్గర మాత్రమే, అదీ భుజంమీద తట్టి, లేపాలి.

వేమూరు దాటాక రిబ్కా చెప్పులు విడిచి కాళ్ళు సీటుమీదికి ముడుచుకునేది. జడ పిన్నులు తీసి ఒళ్ళో పెట్టుకునేది. బొగ్గుపొడి వచ్చి కళ్ళలో పడుతున్నా కిటికీ మూసేది కాదు. రోజు మొత్తంలో ఆమెను ఎవరూ ఏమీ అడగని సమయం వేమూరుకూ రేపల్లెకూ మధ్యనే ఉంది. అది ఎంత ఆలస్యంగా గడిస్తే ఆమెకు అంత లాభం.

ఈ లాభాన్ని ఆమె భర్త ప్రభుదాసు కనిపెట్టలేకపోయాడు. అతను తాలూకాఫీసులో గుమాస్తా. అర్జీ రాయడంలో అతన్ని మించినవాడు తాలూకాలో లేడని పేరు. ఒకరోజు భోజనం ఆలస్యమైన సందర్భంలో అతనికి స్త్రీజనం మీద జాలి కలిగింది. “అలసి సొలసిన మా స్త్రీలు దీపాలు పెట్టినాకగానీ గృహములు చేరలేకపోవుట మిక్కిలి శోచనీయము” అని మొదలుపెట్టి ఠావుల కాగితం రెండువైపులా నింపాడు.

“నీకోసమే రాస్తున్నానే,” అన్నాడు భార్యతో.

“నాకేం ఇబ్బంది లేదండి,” అంది రిబ్కా.

“నీకు తెలీదు.”

ఊళ్ళో ఉద్యోగం చేసే ఆడవాళ్ళ భర్తలందరూ సంతకాలు చేశారు. ఆడవాళ్ళ సంతకాలు అక్కర్లేదన్నారు, వారి తరఫునే కదా రాస్తున్నది.

ఆలస్యం గురించిన ఆ అర్జీ తగినంత ఆలస్యం తర్వాత పైకి చేరింది. శాఖామార్గముల కాలహరణ విచారణాధికారి జగన్నాథరావుగారు బాపట్ల మకాం నుంచి జీపులో తెనాలి వచ్చారు. (రైల్లో వస్తే విచారణ ఆలస్యమవుతుందని.) ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆడవాళ్ళ పెట్టె కిటికీలోంచి ప్రశ్నలు వేశారు. రైసుమిల్లు ఆఫీసులో టైపు కొట్టే శకుంతల, రిబ్కా ఎదుటి సీటులో కూర్చునే మనిషి, అందరి తరఫునా జవాబు చెప్పింది.

“ప్రయాణం ఎలా ఉందమ్మా?”

“హాయిగా ఉందండి.”

“ఆలస్యమవుతోందిగా?”

“అవుతోందండి.”

“మరి ఇబ్బంది?”

“అది ఇంటికెళ్ళాకండి.”

జగన్నాథరావుగారు చాలాసేపు ఆలోచించి రాసుకున్నారు: ‘నిరంతర కష్టమువలన ప్రయాణికురాండ్రు కష్టమును గుర్తించు శక్తిని కోల్పోయినారు. తక్షణ చర్య అవసరము.’

తక్షణ చర్య మరుసటి ఏడాది తీసుకున్నారు. గార్డులు పెరుగు ఇంటి దగ్గరే తినాలి. దూడల విషయంలో రైలు జోక్యం చేసుకోరాదు. జూలై మొదటి తేదీ నుంచి పాసింజరు ముప్పావుగంట ముందే రేపల్లె చేరుతుంది.

ఆ ముప్పావుగంట ఇంకా తెనాలిలో రైలెక్కకముందే రేపల్లెలో దాని పంపకం జరిగిపోయింది. ఉత్తరువు వచ్చిన రాత్రి భోజనాల దగ్గర ప్రభుదాసు వార్త చెప్పగానే అత్తగారు పున్నమ్మ విస్తరి ముందు నుంచి తలెత్తింది.

“ముప్పావుగంటంటే తక్కువేం కాదమ్మాయ్. ఇడ్లీపిండి సాయంత్రమే రుబ్బేసుకోవచ్చు. నా చేతులా ఇక పొత్రం తిప్పలేకుండా ఉన్నాయి.”

మావగారు యాకోబు రిటైరైన హెడ్మాస్టరు. రాత్రి కుటుంబ ప్రార్థన ఆయన ఆధ్వర్యంలో జరుగుతుంది. “ఇన్నాళ్ళూ టైము లేక ఒక కీర్తనతో సరిపెడుతున్నాం. ఇకనుంచి మూడు పాడుకుందాం. ఒక అధ్యాయం కూడా చదువుకోవచ్చు,” అన్నారు.

“నేను ఆఫీసునుంచి వచ్చేసరికి ఏదైనా వేడిగా ఉంటే బావుంటుంది. పెసరట్టో ఏదో. పెద్దగా ఏం వద్దులే,” అన్నాడు ప్రభుదాసు, అర్జీదారు హోదాలో కాస్త మొహమాటపడుతూ.

రిబ్కా మజ్జిగ వడ్డిస్తూ మనసులో కూడుకుంది. మిగిలిన ముప్పావుగంటలోంచి ఇంటివాళ్ళు గంటన్నర పని తీశారు. తక్కిన ముప్పావుగంట ఎక్కడ తేవాలో రైలువారి ఉత్తరువులో లేదు.

జూలై ఒకటిన పాసింజరు ఎవరికోసమూ ఆగలేదు. వేమూరు దాటి రిబ్కా కళ్ళు మూసిందో లేదో శకుంతల భుజం తట్టింది. “లే వదినా, ఔటరొచ్చింది.” కిటికీ బయట ఇంకా ఎండ ఉంది. ఆ వేళప్పుడు రేపల్లె ఎలా ఉంటుందో ఆ పెట్టెలో చాలామంది ఆదివారాలు తప్ప చూసి ఎరగరు.

అందరూ దిగారు. గేటువైపు మాత్రం ఎవరూ కదల్లేదు.

శకుంతల, ప్లాట్‌ఫారం చివర గన్నేరు చెట్టు కింది బెంచీమీద కూర్చుని, “చెప్పులో ఏదో గుచ్చుకుంటోంది,” అంది. చెప్పు విప్పి చూసుకోవడం ఎంతకీ తెమల్లేదు. రిబ్కా ఆమెకు తోడుగా కూర్చుంది. మిగతావాళ్ళు రిబ్కాకు తోడుగా కూర్చున్నారు. పెట్టెలో ఏ వరసలో కూర్చునేవారో అదే వరస. తూర్పువైపు కొస రిబ్కాది. నియమావళి కూడా అదే అమల్లోకి వచ్చింది. వేమూరు దాటి చాలాసేపయింది గనక ఎవరూ మాట్లాడలేదు.

మర్నాడూ అంతే. మూడోనాడు స్టేషనుమాస్టరుగారు వచ్చి నిలబడ్డారు.

“రైలొచ్చేసిందమ్మా.”

“చూశామండి,” అంది శకుంతల.

“మరి దిగినవాళ్ళు వెళ్ళిపోవాలి కదా?”

“వెళ్తూనే ఉన్నామండి.”

ఆయన లోపలికి పోయి నిబంధనల పుస్తకం తిరగేశారు. రైలెక్కడానికి ఎంతసేపు పట్టాలో అందులో ఉంది. దిగినవాళ్ళు ఇల్లు చేరడానికి ఎంతసేపు పట్టాలో లేదు. ఆ సాయంత్రం నుంచి ఆయన బెంచీ దగ్గర నీళ్ళకుండ పెట్టించారు.

ఇళ్ళలో ఎప్పటి వేళకే గొళ్ళాలు చప్పుడయ్యేవి. “ట్రైను లేటు,” అనేవారు ఆడవాళ్ళు. పిండి రుబ్బే పనీ, పెసరట్టూ, రెండు కీర్తనలూ వాయిదాపడ్డాయి. ప్రభుదాసు మండిపడ్డాడు. ఉత్తరువు రావడమేంటి, అమలు కాకపోవడమేంటి. ఇంకో అర్జీ రాశాడు. మళ్ళీ భర్తలందరూ సంతకాలు చేశారు. ఒక్కసారి స్టేషనుకు పోయి చూడొచ్చుగదా అని అడిగితే న్యాయమే. కానీ రేపల్లెలో భార్యకు ఎదురెళ్ళే ఆచారం ఏ కులంలోనూ, ఏ మతంలోనూ లేదు. ఇంటికి రావడం ఆవిడ పని.

అర్జీ అందుకున్న జగన్నాథరావుగారు ఇరకాటంలో పడ్డారు. రైలు వేళకే వస్తోందని స్టేషను గడియారం చెబుతోంది. రావడంలేదని బాధ్యతగల గృహస్థులు చెబుతున్నారు. ‘ప్రత్యక్షసాక్షి వాంగ్మూలము జతచేయవలెను’ అని తిరుగుటపాలో రాశారు.

ప్రభుదాసు సాక్షి కోసం ఎక్కువ దూరం వెతకలేదు. పున్నమ్మకు ఆ మధ్య చూపు మసగ్గా ఉంటోంది. తెనాలిలో కంటి డాక్టరుకు చూపించాలి.

“అమ్మా, రేపు రిబ్కాతో వెళ్ళు. సాయంత్రం ఆ రైల్లోనే రండి. ఎన్నింటికొస్తుందో నువ్వే కళ్ళారా చూడు. నీ మాటంటే ఎవరూ కాదనలేరు,” అన్నాడు.

రిబ్కాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. రేపు సాయంత్రంతో బెంచీ పోతుంది. పెట్టె ఎటూ పోయింది. ఇక మిగిలేది గుడి, అక్కడా కీర్తన వచ్చినప్పుడల్లా లేవాలి.

మర్నాడు సాయంత్రం పెట్టెలో అత్తల ప్రస్తావన జంపనికి ముందు కూడా రాలేదు. పున్నమ్మ కోడలి కిటికీ పక్కన కూర్చుని పొలాలు చూస్తూ వచ్చింది. రైలు ఆగింది. ఆమె దిగి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని స్టేషను బోర్డు చూసింది.

“రేపల్లేనా ఇది?”

“అవునత్తయ్యా.”

“ఇంత పెందలాడేనా?”

మిగతావాళ్ళు బెంచీ దాకా వెళ్ళి, కూర్చోవాలో వద్దో తెలీక, పాఠం రాని పిల్లల్లా నిలబడిపోయారు. పున్నమ్మ వాళ్ళను చూసింది. బెంచీని చూసింది. కొత్తగా పెట్టిన నీళ్ళకుండను చూసింది. మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి తూర్పువైపు కొసన కూర్చుంది.

“నా పెళ్ళయి ఈ ఊరొచ్చిన రోజు ఇక్కడే కూచోబెట్టారమ్మాయ్. మీ మావయ్య బండి మాట్లాడ్డానికి వెళ్ళారు. చాలాసేపు రాలేదు.” కాళ్ళు పైకి ముడుచుకుంది. “బండి దొరకదేమోనని అందరూ కంగారుపడ్డారు. నాకు మాత్రం బానే ఉంది.”

కాసేపటికి శకుంతల కూర్చుంది. తర్వాత అందరూ కూర్చున్నారు. రిబ్కాకు చోటు లేకపోతే పున్నమ్మ జరిగి చూపించింది.

“చీకటి పడుతోందత్తయ్యా,” అంది రిబ్కా చాలాసేపయ్యాక. “పిండి రుబ్బాలి.”

“ఎక్కడ రుబ్బుతావే. ట్రైను లేటుగా.”

ఇంట్లో ప్రభుదాసు కాగితం, కలం సిద్ధంగా పెట్టుకున్నాడు. “చెప్పమ్మా. రైలొచ్చేసరికి వెలుగుందా, చీకటిపడిందా?”

“కళ్ళు సరిగా కనపట్టం లేదనేగా నన్ను తెనాలి పంపింది,” అంది పున్నమ్మ. “స్టేషన్లోంచి బయటికొచ్చేసరికి చీకటిగానే ఉందిరా.”

(అబద్ధసాక్ష్యం పలకరాదన్న ఆజ్ఞ ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. చీకటిగానే ఉన్నమాట నిజం.)

రైలు గురించి రేపల్లెనుంచి పైకి వెళ్ళిన కాగితాల్లో ఆడమనిషి సంతకం ఉన్నది పున్నమ్మ వాంగ్మూలం ఒక్కటే. జగన్నాథరావుగారు దాన్ని గడియారం పక్కన పెట్టి ఆలోచించారు. గడియారానికి సంతకం రాదు. కాబట్టి ఫైలు ఇలా ముగిసింది: ‘పాసింజరు పాత వేళకే చేరుచున్నట్లు ప్రజలు ఏకగ్రీవముగా ధ్రువీకరించుచున్నారు. పట్టికకూ ప్రజలకూ గల ఈ భేదమును తొలగించుటకు పాత వేళనే సరియైన వేళగా నిర్ణయించడమైనది. అంతకు ముందు చేరు రైలుపై చర్య తీసుకొనబడును.’

గార్డుగారి పెరుగు తిరిగి మొదలైంది. దూడల విషయంలో రైలు మళ్ళీ శ్రద్ధ తీసుకోసాగింది. ప్రభుదాసు కాఫీ హోటల్లో కనిపించినప్పుడల్లా నలుగురు లేచి నమస్కారం పెట్టారు. అతని అర్జీ వల్ల రైలు ఇప్పుడు ఒక్క నిమిషం ఆలస్యం లేకుండా వస్తోంది మరి.

పున్నమ్మ కళ్ళకు ప్రతి గురువారం తెనాలి వైద్యం అవసరమైంది. మందులు వేయడం అయిపోయిందనీ, ఇక రానక్కర్లేదనీ డాక్టరు రెండో వారమే చెప్పాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి అత్తాకోడళ్ళకు తీరిక దొరకలేదు.

గురువారం సాయంత్రాలు తండ్రీకొడుకులిద్దరూ దీపం కూడా వెలిగించకుండా వీధరుగు మీద కూర్చుని ఆకలితో ఎదురుచూస్తారు. రైలు ఇంకాస్త ముందొస్తే బావుండునని ఇద్దరికీ అనిపిస్తుంది. అర్జీ మాత్రం పెట్టలేరు. రైలు వేళకే వస్తోంది.