వీరభద్రరావు నట్టు విప్పిన విధంబు

కృష్ణవేణీ తరంగ శీతల పవనంబులు బందరు కాలువ దాటులోపలనే వేడెక్కి వడగాడ్పులై పరిణమించు వైశాఖమాసంబున, ఆదివారంబున, వంటింట రెండవ కాఫీ దిగుచున్న శుభముహూర్తంబున, ఇంద్రకీలాద్రికి తూర్పుదిక్కున విలసిల్లు పటమట యందు, ఒకానొక పెంకుటింటి పెరట, గుడ్డలారవేయు తీగ క్రింద, తర్కశాస్త్రోపన్యాసకుండును, బనీనుమాత్ర కవచధారియు, ఎగగట్టిన లుంగీతో దుర్నిరీక్ష్యుండును అగు వీరభద్రరావు తన స్కూటరు ఎదుట గొంతుకూర్చుండెను.

ఆ స్కూటరు సామాన్యంబు గాదు. పెండ్లికి ముందు పేరు నమోదు చేయించుకొనగా, పెద్దపిల్ల బడికి పోవు వేళకు ఇల్లు చేరినది. బిడ్డ కోసమైనను అతడింతగా ఎదురుచూడలేదని ధర్మపత్ని త్రిపురసుందరి అభిప్రాయము. ఆ అభిప్రాయమును ఆమె ఎన్నడును దాచుకొనలేదు. అట్టి వాహనరాజము కొంతకాలముగా దగ్గుచు, ధూమపటలంబులు గ్రక్కుచు, ఏలూరు రోడ్డు నడుమ ప్రాయోపవేశమునకు దిగుచుండెను. ఇంజను తల విప్పి లోపలి మసి గోకవలెనని తెలిసినవారు చెప్పిరి. ఆ పని మెకానిక్కుకు అప్పగించుమనియు చెప్పిరి. ఈ రెండవ మాట వచ్చునప్పటికి వీరభద్రరావు చెవులు పనిచేయుట మానెను.

తల మీద నట్లు నాలుగు. వానకాలములు త్రాగి, తీగ మీది చీరెల గంజినీరు జుర్రి, బలిసి, ఎఱ్ఱబారి, బోల్టులతో ఏకశరీరంబై, తుప్పుకవచ దుర్భేద్యంబులై అవి అతని వంక చూచెను. పొరుగింటి శౌరయ్యగారు గోడ మీదుగా అందించిన పానాను ఖడ్గమువలె ఝళిపించి అతడు మొదటి నట్టును పట్టె. బిగించె. త్రిప్పె. పానా జారె. వ్రేలి కణుపులు చెక్కుకొనిపోయె. నట్టునకు మాత్రము నిద్రాభంగమైనట్లుకూడ కనిపింపలేదు.

ఇట్లు రణము సాగుచుండ మధ్యాహ్నమాయెను. ఇబ్రహీంపట్నమున కట్టుచున్న థర్మల్ స్టేషనులో కొలువు చేయువాడును, పిలువకయే భోజనవేళకు వచ్చుటలో సిద్ధహస్తుండును అగు బావమరిది రామకృష్ణ ప్రవేశించెను.

"ఏం బావా, పొద్దుట్నుంచీ దాని కాళ్లు పట్టుకున్నావట. కరిగిందా?"

వీరభద్రరావు లేచి, లుంగీ బిగించి, పానా ఆకాశమున కెత్తి గర్జించెను: "వినుము, శ్యాలకాధమా! మన్నెగసినను, మిన్ను విరిగినను, ఈ భుజదండంబులందు ఊపిరి యుండగా ఇతరులను నా వాహనంబు తాకనిత్తునా? ఈ తుచ్ఛలోహఖండంబు నా మానముకంటె గట్టిదా?"

"గట్టిదేననిపిస్తోంది బావా. నాలుగూ వద్దులే, ఒక్కటి చాలు. చీకటి పడేలోగా ఒక్కటంటే ఒక్క నట్టు ఊడదీసి నా చేతిలో పెట్టు. లేకపోతే బండి నాతో ఇబ్రహీంపట్నం వస్తుంది. బాగుచేయించుకుని నేనే తోలుకుంటా. మా అక్క మీద ఒట్టు!"

"నా మీదెందుకురా, నీ మీద వేసుకో," అని వంటింట నుండి అశరీరవాణి.

"సరే!" అనెను వీరుడు. అన్న పిదప స్కూటరు వంక చూచి, వంటింటి రోకలి తెచ్చుకొనెను. త్రిపురసుందరియు గుమ్మములోనికి వచ్చి చూచెను. బండి పోయినచో ఇకమీదట సినిమా మొదటి ఆటకు సిటీ బస్సే గతి.

ద్వితీయ సంగ్రామము ఘోరము. స్టవ్వు కడుపులోని కిరసనాయిలు నట్టు మీద అభిషేకింపబడెను. రోకటిపోటులు పడెను. పానా మీద వీరభద్రరావు నిలుచుండెను, ఊగెను, పడెను. పొద్దు వాలెను.

వరండాలో తులసిపూసలు త్రిప్పుచున్న తల్లి పద్మావతమ్మ అప్పుడు నోరు విప్పినది.

"అది ఊడదు నాయనా."

"ఎందుకూడదమ్మా?"

"బండి ఇంటికొచ్చిన రోజున కొండెక్కి అమ్మవారికి మొక్కుకున్నా. జట్కా చక్రం సీల ఊడే కదూ మీ మేనమామ కాలు విరిగింది? మావాడి బండికి చచ్చినా ఒక్క నట్టు ఊడకూడదు తల్లీ అన్నా. ఆ తల్లి మాట నిలబెట్టుకుంది."

పానా నేలబడెను. తాను ఉదయాదిగా పోరుచున్నది లోహముతో కాదు, వరముతో!

"ఇప్పుడా చెప్పడం!"

"నువ్వడిగావా? ఇంజన్ల సంగతి ముసల్దానికేం తెలుస్తుందనుకున్నావు."

గోడ మీద శౌరయ్యగారి శిరస్సు ఉదయించెను. "అమ్మగారూ, ఆ తల్లి దగ్గర పని కాకపోతే చెప్పండి, గుణదల మరియమ్మ తల్లికి ఓ కొవ్వొత్తి మొక్కుకుంటా. నా పానా కూడా పొద్దుట్నుంచీ మీ పెరట్లోనే ఉండిపోయింది గదండీ."

"వద్దు శౌరయ్యా. ఇద్దరమ్మలూ ఒక నట్టు మీద చెయ్యేస్తే బోల్టు విరుగుతుంది."

అంతట త్రిపురసుందరి, రాత్రి అన్నానికి మరుగుచున్న ఎసరు గిన్నెను పట్టుకారతో పట్టుకొని పెరటిలోనికి వచ్చెను. "అత్తయ్యగారూ, ఆ ఒక్కదానికీ మినహాయింపు అడగండి. మిగతావి అలాగే పట్టుకోమనండి."

పద్మావతమ్మ పడమటికి, కొండవైపునకు తిరిగి, కన్నులు మూసికొనెను. "తల్లీ, నేనే, పటమట పద్మావతిని. ఆ కుడిపక్క నట్టొక్కటి వదిలెయ్యమ్మా. పిల్లాడు బావమరిది ముందు తలెత్తుకోవాలి. తక్కినవి గట్టిగానే పట్టుకో."

సలసల ఎసరు నట్టు మీద కురిసెను. ఆవిరి మేఘమండలమై క్రమ్మెను. అందుండి వీరభద్రరావు సింహనాదము వెడలెను; రోకటి దెబ్బయు, పానా మీద సర్వశరీర భారమును ఏకకాలమున పడెను. అప్పుడు పాతాళకవాటములు తెరుచుకొన్న చందంబున, ఊరి తలుపుల బందులన్నియు ఒక్కమారు మూల్గిన చందంబున, "కిర్ర్" మని ఒక నాదము పుట్టెను. నట్టు కదలెను. తిరిగెను. ఊడెను!

విజేత దానిని గుడ్డతో పట్టి, ఇంకను ఆవిరిగ్రక్కుచుండగనే బావమరిది అరచేత నుంచెను. "అమ్మో, చెయ్యి కాలింది!" అని అతడు పెట్టిన కేక ఓటమి అంగీకారముగా సభ స్వీకరించినది.

"మరి మిగతా మూడో?" అని చేయి ఊదుకొనుచు రామకృష్ణ.

"వాటి సంగతి నేను మాట్లాళ్లేదు," అనెను పద్మావతమ్మ. "మళ్లీ కొండెక్కాలి."

ఇట్లు పటమటపురంబున, ఒక పగటి యుద్ధంబు పిదప, ఒక నట్టు ఊడెను. బండి కదలలేదు, కదలవలెనని పందెములో లేదు. తన ఎసరు చేసిన పనియని త్రిపురసుందరి, కొండ మీది తల్లి కరుణయని అత్తగారు, గోడవెనుక గుట్టుగా తానును మొక్కుకొంటినని శౌరయ్యగారు, తన కండబలమని వీరభద్రరావు నేటికిని వాదించుచున్నారు.

ఈ గాథ చదివిన ఇల్లాండ్రకు ఆదివారములు నిర్విఘ్నముగా గడచుగాక. వారి పెనిమిట్లు పానా కనబడిన ఆమడ దూరము తొలగిపోదురుగాక. మెకానిక్కులు ధనధాన్య సమృద్ధులై వర్ధిల్లుదురుగాక.