రేపటి ప్రశ్నలు

2012లో ఒక శనివారం. ఆ పొద్దున రాజకుమారి పెట్టుకున్న పని చాలా చిన్నది. సాయంత్రం తరగతికి ఒక కాగితం జిరాక్స్ తీయించడం, అంతే. ఆమె చిక్కడపల్లిలో లెక్కల టీచరు. నారాయణగూడ మందిరంలో పాస్టరు ఈదయ్యగారు పిల్లల పెంపకం గురించి తల్లిదండ్రులకు నెలకొక తరగతి పెడుతూ, ఈసారి ఆమెను నడపమన్నారు. ఆమె వెంటనే ఒప్పుకుంది. తొమ్మిదో తరగతి చదివే కూతురు జ్యోత్స్న రెండు నెలలుగా ఏమడిగినా "ఏం లేదు మమ్మీ" అని తలుపేసుకుంటోంది మరి. మందిరం లైబ్రరీలో పెంపకం పుస్తకాలన్నీ తిరగేసి పన్నెండు ప్రశ్నలు తయారుచేసింది. పిల్లలే రేపటి తరం కనుక పైన "రేపటి ప్రశ్నలు" అని పెట్టింది. అడుగున తన ఫోన్ నంబరు వేసి, జవాబులు సాయంత్రం ఐదింటికి మందిరం హాలులో చెప్పబడునని రాసింది.

అశోక్ నగర్‌లో నాగేందర్ జిరాక్స్ షాపు ముందు కాలు పెట్టే సందు లేదు. తెల్లవారితే సర్కారు కొలువుల పరీక్ష. హాల్ టికెట్ల కాపీల కోసం హాస్టళ్లలో ఉండే పిల్లలంతా అక్కడే ఉన్నారు. రాజకుమారి ఎలాగో ఇరవై కాపీలు తీయించుకుని బయటపడింది. అసలు కాగితం మాత్రం మిషన్ అద్దం మీదే ఉండిపోయింది.

తర్వాత వచ్చినవాడు మూత ఎత్తాడు. పైనున్న రెండు మాటలు చదివి, మూత మెల్లగా దించి, ఐదు కాపీలు అడిగాడు. మధ్యాహ్నానికి ఆ కాగితం చేరని హాస్టల్ లేదు. "అబద్ధం చెప్పిన పిల్లవాణ్ణి ముందు ఏమడగాలి?" అన్న నాలుగో ప్రశ్న సిలబస్‌లో పరిపాలన కిందికి వస్తుందని ఒక గది, నీతిశాస్త్రం కిందికి వస్తుందని పక్క గది వాదించుకున్నాయి.

ఒంటిగంట నుంచి రాజకుమారి ఫోను మోగుతూనే ఉంది. పిల్లల మీద ఇంతమందికి ఇంత శ్రద్ధా అని ఆమె కళ్లు చెమర్చాయి. ఒకతను ఏడో ప్రశ్నకు జవాబు అడిగాడు. బిడ్డ కోపంగా ఉన్నప్పుడు ఏం చేయాలన్నది ఆ ప్రశ్న.

"ముందుగాల చప్పుడు చెయ్యకుండ వినాలె, అన్న. మీకు ఎంతమంది పిల్లలు?"

"ఇంక పెళ్లే కాలేదు మేడం. దీనికి మార్కులెన్ని?"

పెళ్లికి ముందే ఇంత ముందుచూపు ఉన్నందుకు ఆమె అతని కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేసింది.

ఐదింటికి హాలు గుమ్మంలోనే ఆమె ఆగిపోయింది. ముందు వరుసలో తల్లిదండ్రులు ఎనిమిది మంది. వాళ్ల వెనక కిటికీల దాకా నోటుబుక్కులు పట్టుకుని తొంభై మంది పడుచు పిల్లలు. జనం దండిగా దేవుడి వైపు తిరిగే ఉజ్జీవం వచ్చేసిందని ఈదయ్యగారు కళ్లు మూసుకున్నారు.

ప్రార్థన ముగియగానే వెనక నుంచి ఒకతను లేచి, పొద్దున్నే పరీక్ష గనుక జవాబులు జర మెల్లగా చెప్పమని వినయంగా అడిగాడు. అది లీకైన పరీక్ష పేపరు కాదని తేలడానికి పది నిమిషాలు పట్టింది. పరీక్ష ముందు వాళ్ల పూట పాడుచేశానని రాజకుమారి క్షమాపణ చెప్పుకుంది. కొందరు నవ్వారు, కొందరు సణుక్కుంటూ సంచులు సర్దుకున్నారు. అప్పుడు నవనీత అనే అమ్మాయి లేచింది. ఊరు విడిచి రెండేళ్లుగా హాస్టల్లో ఉండి చదువుతోంది.

"మేడం, గీ జవాబులు మీకు తెల్వయి. మాకు తెలుసు. మా నాయిన ఫోన్ చేసినప్పుడల్లా ఎంత చదివినవని అడుగుతడు. ఎట్లున్నవ్ బిడ్డా అని ఒక్కసారి అడిగితే మస్తు చెప్పేదున్నది."

సంచులు మళ్లీ కిందికి దిగాయి. ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుపోయారు. ముందు వరుసలోని ఎనిమిది మంది పెన్నులు అడిగి తీసుకుని రాసుకోసాగారు. కుర్చీలు సర్దడానికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డ జ్యోత్స్న కూడా చెయ్యెత్తింది.

"మా మమ్మీ ప్రశ్న అడుగుతది. నేను నోరు తెరిచేలోపల జవాబు గూడ ఆమెనే చెప్తది."

రాజకుమారి దగ్గర దానికీ జవాబు సిద్ధంగా ఉంది. దాన్ని మింగేసి, ముందు వరుసలో తొమ్మిదో కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చెప్పు బిడ్డా," అంది.

లెక్కల్లో తనకు తొమ్మిది మార్కులొచ్చాయని, టీచరు కూతురై ఉండి ఆ మాట ఇంట్లో చెప్పలేకపోయానని జ్యోత్స్న అంది. మిగిలినదంతా చిక్కడపల్లికి నడిచే దారి పొడుగునా చెబుతూనే ఉంది. తల్లి వింటూనే ఉంది.

ఈదయ్యగారు మందిరం రిజిస్టరులో ఆనాటి తరగతి గురించి ఒక్క ముక్క రాసుకున్నారు: విద్యార్థులు తొమ్మిది మంది, ఉపాధ్యాయులు తొంభై ఒక్కరు.