మందుబిళ్ళకు వంతెన పనికిరాదు

మందుల ధరలు ఇంకా పెరగాలి!

అవునండీ, అచ్చుతప్పు కాదు. మన గ్వాటెమాలాలో మందులు ఇప్పుడున్న ధరకి ఇంకో రెండింతలు కావాలని, అందుకు కారణమైన ఆ వ్యాపార ఒప్పందం నూరేళ్ళు చల్లగా వర్ధిల్లాలని నేను సాన్ సిమోన్ స్వామికి చుట్ట వెలిగించి మరీ మొక్కుకుంటున్నాను.

ఎందుకంటారా? నేను తెప్ప నడుపుతాను. రెండు ట్రాక్టరు ట్యూబులు, వాటి మీద తాళ్ళతో బిగించిన పలకలు, చేతిలో ఓ గడ. సుచియాతే నదికి ఇటు మనం, అటు మెక్సికో. తలెత్తి చూస్తే వంతెన. వంతెన మీద ప్రభుత్వం ఉంటుంది, వంతెన కింద మేముంటాం. ఒకరినొకరు రోజూ చూసుకుంటాం. పలకరించుకోం.

ఒకప్పుడు నా తెప్ప ఎక్కేదెవరు? గుడ్ల ట్రేలవాళ్ళు, సబ్బుల మూటలవాళ్ళు, కోళ్ళని తలకిందులుగా పట్టుకొచ్చే ముసలమ్మలు. ఇప్పుడో! టీచర్లు ఎక్కుతున్నారు. పాస్టరుగారు ఎక్కుతున్నారు. నోటరీగారు బూట్లు చంకలో పెట్టుకుని, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఎక్కుతున్నారు. అందరి జేబుల్లోనూ డాక్టరు చీటీ! షుగరుకి, బీపీకి, గుండెకి. మన ఒడ్డున బంగారం ధర పలికే బిళ్ళ అవతలి ఒడ్డున బఠాణీల ధరకి దొరుకుతుంది మరి.

సాక్షాత్తూ కస్టమ్స్ ఆఫీసరు బారియాస్ గారే నా తెప్పకి ఖాతా మనిషి! డ్యూటీ లేనప్పుడు పూల చొక్కా వేసుకుని, వాళ్ళమ్మగారి గుండె మందు కోసం అవతలికి వస్తారు. తీరిక లేకపోతే చీటీ నా చేతికిచ్చి, "దోన్ ఎవెలియో, కాస్త తెచ్చిపెట్టు" అంటారు. ఆరో తరగతి మధ్యలో బడి మానేసినవాడికి ఇంత పెద్దమనుషుల పరిచయం ఎలా దొరికింది? ధరలు పెరగబట్టి కాదూ?

ధర పెరిగితే మనిషికి ఎన్ని విద్యలు అబ్బుతాయో మీరు గమనించారా? మా వీధిలో ఓ ముసలాయన బీపీ బిళ్ళని బ్లేడుతో నాలుగు ముక్కలు కోస్తాడు. చిటికెడు పొడైనా కింద రాలదు! కంసాలికి కూడా రాదు ఆ పనితనం. పక్కింట్లో మొగుడూ పెళ్ళాలిద్దరికీ షుగరే. ఓ రోజు ఆయన వేసుకుంటాడు, మర్నాడు ఆవిడ. కష్టసుఖాలు పంచుకుంటామని చర్చిలో ప్రమాణం చేసినవాళ్ళని చాలామందిని చూశాను, బిళ్ళ పంచుకున్నవాళ్ళని వీళ్ళనే చూశాను.

మా ఊరి దోన్యా చాయోగారి మందుల షాపులో కొత్త మందుల్ని అద్దాల బీరువాలో, తాళం వేసి, పైన బల్బు పెట్టి ఉంచుతారు. ఆదివారం ప్రార్థన అయ్యాక జనం వచ్చి చూసి వెళతారు. మా ఊళ్ళో మ్యూజియం లేదన్న కొరత తీరింది!

ఇంత మేలు చేసిన ఒప్పందాన్ని తిట్టేవాళ్ళు తిడుతూనే ఉన్నారు. తెలియక తిడతారు. నాకు తెలుసు. రాజధాని నుంచి ఓ టై కట్టుకున్నాయన వచ్చి మునిసిపల్ హాల్లో వివరంగా చెప్పాడు. నేనూ, మా చెల్లెలు ఒడీలియా మొదటి వరసలోనే కూర్చున్నాం. శాండ్‌విచ్‌లు పెడతారని ముందే చాటింపు వేయించారు లెండి.

ఆయన చెప్పిందేమిటంటే, కొత్త మందు తెచ్చిన కంపెనీ ముందు దాన్ని మనుషుల మీద పరీక్షించి, ఆ కాగితాలు ప్రభుత్వానికి ఇస్తుంది. అదే మందుని ఇంకొకడు చవగ్గా చేసి, "ఆ కాగితాల్లో ఉన్నదే నాదీనూ, నాకూ పర్మిషన్ ఇవ్వండి" అంటే కుదరదు. మెక్సికోకీ అవతల, ఉత్తరాన ఉన్న పెద్ద దేశంతో మనం సంతకం పెట్టాం. ఐదేళ్ళ దాకా ఆ కాగితాలు ఇంకెవడికీ సాక్ష్యం చెప్పవు. కావాలంటే వాడు పరీక్షలన్నీ మొదటినుంచీ మళ్ళీ చేసుకోవాలి. లేదా నోరు మూసుకుని కూర్చోవాలి.

మా ఒడీలియాకి నోరు మూసుకుని కూర్చోవడం రాదు. లేచింది.

"అయ్యా, మా పక్కింటావిడ చేసే టోర్టియా రొట్టెలు తిని ఊరంతా బతికే ఉంది. అదే పిండితో నేను చేస్తే, మళ్ళీ ఊరంతటికీ తినిపించి ఎవరు చస్తారో చూడాలా?"

"ఐదేళ్ళు ఆగితే అక్కర్లేదమ్మా."

"ఈలోగా ఆకలేస్తే?"

"పక్కింటావిడ దగ్గరే కొనుక్కోవచ్చు, ఆవిడ చెప్పిన ధరకి. దాన్నే స్వేచ్ఛా వ్యాపారం అంటారు."

చూశారా, ఎంత ఓర్పుగా చెప్పాడో! అందరం చప్పట్లు కొట్టాం. ఒడీలియా కొట్టలేదు. శాండ్‌విచ్‌లు మాత్రం రెండు తిని, రెండు శాలువాలో కట్టుకుంది.

నాకైతే సబబే అనిపించింది. కాగితాలకి మాత్రం విశ్రాంతి వద్దా? పాపం, అంతమంది రోగుల్ని మోసుకొచ్చిన కాగితాలు. ఐదేళ్ళు నిద్రపోనివ్వండి! రోగం మాత్రం నిద్రపోదు, నిజమే. దాని తరఫున ఎవరూ సంతకం పెట్టలేదు కదా.

మా ఒడీలియా సంగతే చూడండి. తెప్పలు ఆగేచోట పొయ్యి పెట్టి కాఫీ, బీన్స్, టోర్టియాలు అమ్ముతుంది. చిన్నప్పటినుంచీ మూర్ఛరోగం. పాత మందులు దాని ఒంటికి పనిచెయ్యలేదు. మార్కెట్లో పడింది, చర్చిలో పడింది, ఓసారి నా తెప్ప మీదే పడి నదిలోకి జారింది. పెద్దాసుపత్రి డాక్టరు కొత్త బిళ్ళ రాసిచ్చాక ఏడాది దాటినా ఒక్కసారీ పడలేదు. దాని అందం మళ్ళీ దానికి వచ్చింది, దాంతోపాటు నోరు కూడా.

దోన్యా చాయో దగ్గర ఆ బిళ్ళ విడిగా అమ్మరు. కొంటే పెట్టె కొనాలి. పెట్టె కొంటే ఆ నెల మేము ఇంకేమీ కొనకూడదు. అవతలి ఒడ్డున అదే బిళ్ళ వేరే పేరుతో చవగ్గా దొరుకుతుంది. ఎక్కడో ఇండియాలో, ఐదెరాబాదో ఏదో, ఆ ఊళ్ళో చేస్తారట. పేరు పలకడానికి నా నోరు తిరగదు గానీ, ఆ ఊరివాళ్ళ కడుపు చల్లగా ఉండాలి!

ఛ, తప్పు. ఒప్పందాన్ని పొగుడుతూ మధ్యలో ఇదేమిటి?

మేము ఒక్కో అట్ట తెచ్చుకుంటాం. అది అయిపోవస్తే ఇంకొకటి. ఏటి ఒడ్డున ఉన్నవాడు కుండలో నీళ్ళు దాచుకుంటాడా? మాకూ అంతే. నది ఎక్కడికి పోతుందిలే అనుకున్నాం.

నది ఎక్కడికీ పోలేదు. మీదికొచ్చింది. అక్టోబరు వానలకి సుచియాతే ఎర్రగా పొంగి, చెట్లనీ, ఓ ఆవునీ, ఎవరిదో వంటింటి తలుపునీ మోసుకుపోయింది. తెప్పలన్నీ ఒడ్డు మీదికి లాగి కట్టేశాం. సరిగ్గా అప్పుడే ఒడీలియా అట్టలో చివరి బిళ్ళ అయిపోయింది.

దోన్యా చాయో దగ్గరికి వెళ్ళాను.

"దోన్యా, పెట్టె విప్పి నాలుగు బిళ్ళలు ఇవ్వండి. వరద తగ్గేదాకా."

"విప్పితే మిగతావి ఎవరికి అమ్మను నాయనా? దీపం పెట్టి చూపించడానికే సరిపోతున్నాయి."

ఇక మిగిలింది వంతెన. నవ్వకండి. పుట్టిన దగ్గర్నుంచీ నది దాటుతున్నవాణ్ణి, వంతెన ఎక్కడం అదే మొదలు! గుర్తింపు కార్డు తీశాను. బూట్లు తొడుక్కున్నాను. తల దువ్వుకున్నాను. వంతెన మీద పాసు రాయించుకుని, ముద్ర వేయించుకుని, మెక్సికోలోకి దొరబాబులా నడిచి వెళ్ళాను. మందు కొన్నాను. కొన్నవాణ్ణి ఊరుకున్నానా? "రసీదు ఇవ్వండి" అన్నాను! షాపువాడు నన్ను ఎగాదిగా చూశాడు. వాడి జన్మలో ఏ తెప్పవాడూ అడిగి ఉండడు.

తిరిగొస్తుంటే మన వైపు గేటు దగ్గర ఓ బోర్డు. చెప్పవలసిన సరుకులు ఉంటే ఆఫీసరుకి చెప్పాలట. కౌంటరులో బారియాస్ గారు, యూనిఫాంలో. నాకు ప్రాణం లేచొచ్చింది. మనవాడే కదా!

"సార్, నా దగ్గర చెప్పవలసిన సరుకు ఉంది" అన్నాను, గట్టిగా, బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు. వెనకాల క్యూ అంతా విన్నది. ఆయన పక్కనున్న పెద్దాఫీసరూ విన్నాడు.

బారియాస్ గారి మొహం మాడిపోయింది. మందు అటూ ఇటూ తిప్పి చూశారు.

"దీనికి మన దేశంలో రిజిస్ట్రేషన్ లేదు."

"సార్, పోయిన వారం మీ అమ్మగారి మందు..."

"ష్! మెల్లగా. అది కింద. ఇది పైన."

"నది ఒకటే కదా సార్?"

"నది ఒకటే దోన్ ఎవెలియో. నేనే ఇద్దర్ని. కింద మా అమ్మ కొడుకుని. ఇక్కడ ప్రభుత్వాన్ని. అసలు నిన్ను ఎవరు చెప్పమన్నారు? జేబులో వేసుకుని ఊరుకోలేకపోయావా?"

"బోర్డు మీద రాసుంది సార్."

"బోర్డు చదివేవాళ్ళకి కాదయ్యా అది!"

మందు ఓ కవరులోకి వెళ్ళింది. కవరు మీద సీలు పడింది. పక్క లైనులో కుక్క బిస్కెట్ల ట్రెయిలరు ఒకటి ఆగింది. దాని కాగితాలన్నీ సవ్యంగా ఉన్నాయి. డ్రైవరుకి సెల్యూట్ కొట్టి పంపించారు. నాకు సంతోషం వేసింది. ఎవరో ఒకరికి స్వేచ్ఛ దొరికింది కదా!

ఇంటికొచ్చి చెప్పాను. ఒడీలియా నడుం మీద చెయ్యి వేసుకుంది.

"రసీదు అడిగావా? మన వంశంలో ఎవడైనా రసీదు అడిగాడా అన్నా? తాతకి తెలిస్తే సమాధిలోంచి లేచొచ్చి తంతాడు."

"తప్పైపోయింది. ఇంట్లో పడుకో, పొయ్యి దగ్గరికి పోకు."

"నేను పడుకుంటే ఒడ్డున ఉన్న తెప్పలవాళ్ళ దండుకి కాఫీ నువ్వు పోస్తావా? నీ చేతి కాఫీ తాగితే వాళ్ళు వరదలో దూకుతారు."

అలా నవ్వించే వెళ్ళింది. పొద్దున్నే పొయ్యి వెలిగించింది. నేను తెప్ప తాళ్ళు బిగిస్తుంటే పెనం మోత వినిపించింది. వెనక్కి తిరిగేసరికి అది పడి ఉంది. కుడిచెయ్యి పెనం మీద ఉంది. మూర్ఛలో ఉన్న మనిషికి కాలుతోందని తెలియదు. చెయ్యి వెనక్కి తీసుకోదు.

నేను పరిగెత్తి తీశాను.

దాని గురించి ఇంతకన్నా రాయను. ఇది పత్రికలో నవ్వించే శీర్షిక.

నది తగ్గింది. తెప్పలు మళ్ళీ నీళ్ళలో దించాం. మొట్టమొదటి ప్రయాణికుడు ఎవరనుకున్నారు? పూల చొక్కా! చేతిలో వాళ్ళమ్మగారి చీటీ. నా మొహం చూడలేక నీళ్ళు చూస్తూ అన్నారు.

"ఆ కవరు... రూలు ప్రకారం నాశనం చెయ్యాలి. చేశాం."

"మంచి పని చేశారు సార్" అన్నాను. నిజంగానే అన్నాను. రూలుంది కదా. "మధ్యలో కూర్చోండి, అంచున తడుస్తారు."

ఒడీలియా కుడిచేతికి గుడ్డ చుట్టుకుని, ఎడంచేత్తో కాఫీ పోసి తెచ్చింది. ఆయన కట్టు చూశారు. ఏం జరిగిందని అడగలేదు. చదువుకున్నవారు, ఆమాత్రం ఊహించగలరు.

"తాగండి సార్" అంది. "మీ అమ్మగారి మందు జాగ్రత్తగా ఇదిగో ఈ తెప్ప మీదే తెచ్చుకోండి. పొరపాటున కూడా వంతెన మీద తేకండి."

"ఏమ్మా?"

"అక్కడ దొంగలున్నారు."

ఒడ్డు మీద ఎవరూ నవ్వలేదు. నేను దాన్ని అక్కడికక్కడే మందలించాను. తప్పు ఒడీలియా, పెద్దవాళ్ళని అలా అనకూడదు, దాన్ని దొంగతనం అనరు, ఒప్పందం అంటారు అని. అది పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. దానికి చదువు లేదు. నాకూ లేదు. అందుకే ఆ రెండిటికీ తేడా ఏమిటో మా ఇద్దరికీ ఇంకా తెలిసిరావడం లేదు.

తెలిసిన పెద్దలెవరైనా ఉంటే ఒడ్డుకి రండి. తెప్ప మీద ఉచితంగా తిప్పుతాను. కాఫీ మాత్రం ఎడంచేత్తోనే పోస్తుంది, ఏమీ అనుకోకండి.