ఏమీ తెలియదని ధ్రువపత్రం

ఎదురుచూడటం ఇకమీదట ఎవరి ఇష్టం వచ్చినట్టు వారు చేసే పని కాదని, దానికీ ఒక పద్ధతి ఉండాలని టీవీ సంస్థ వారు నిర్ణయించారు. ఒక పాత సినిమాను సీరియల్‌గా తీస్తున్నామని చెప్పిన నాటి నుంచి జనం అడ్డదిడ్డంగా ఎదురుచూస్తున్నారు. కొందరు బస్సులో వేలాడుతూ, కొందరు పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయి. ఇలాగైతే ఎవరు ఎంత ఎదురుచూశారో తేలేదెలా? కాబట్టి నిరీక్షణ విభాగం అని ఒకటి వెలిసింది. యాప్‌లో పేరు నమోదు చేసుకోనివారి ఎదురుచూపు చెల్లదని ఉత్తర్వు వచ్చింది. (చెల్లకుండా ఎదురుచూస్తే ఏమవుతుందో ఉత్తర్వులో లేదు. అందుకే అందరూ భయపడ్డారు.)

రెండో ఉత్తర్వు ఇంకా గట్టిది. ఉత్కంఠ పాడుకాకూడదని పాత సినిమాను ఎక్కడికక్కడ దాచేశారు. కథ గుర్తున్నవారు ముగింపును నోటితో గానీ, రాతతో గానీ, సైగతో గానీ బయటపెట్టబోమని హామీపత్రం రాసివ్వాలి. ఇచ్చినవారికి మొదటి భాగం అందరికంటే పది నిమిషాలు ముందు చూపిస్తారు. పది నిమిషాలు ముందు అంటే మనిషి ఏమైనా రాసిస్తాడు. ఊరంతా రాసిచ్చింది. సినిమా వచ్చేనాటికి పుట్టనివారు కూడా తమకు బాగా గుర్తుందని రాసిచ్చారు.

మిగిలిపోయింది కాజాల పిన్ని ఒక్కతే.

చొక్కాలు కుట్టే దుకాణంలో గుండీలు దూరే కాజాలను చేత్తో కుట్టడం ఆమె పని. పెళ్లయిన కొత్తలో ఆ సినిమాకు వెళ్లింది. చివర్లో కథానాయిక పెట్టె పట్టుకుని గేటు దగ్గర నిలబడుతుంది. వెనక మొగుడు, ముందు రోడ్డు. ఆమె గేటు గడియ మీద చెయ్యి వేసింది. సరిగ్గా అప్పుడే పిన్ని భర్తకు మిల్లులో షిఫ్టు వేళయింది. రెక్క పట్టుకుని ఆమెను హాల్లోంచి బయటికి తీసుకొచ్చాడు. తాను ముందే చూశానని, మిగతాది ఇంటికెళ్లాక చెబుతానని అన్నాడు.

మాట తప్పలేదు. ముప్పై ఏళ్లు చెప్పాడు. కూర బాగా కుదిరిన రోజు ఆ అమ్మాయి గేటు దాటి దర్జాగా వెళ్లిపోయేది. కూర చప్పగా ఉన్న రోజు వెనక్కి తిరిగి మొగుడి కాళ్ల మీద పడేది. ఉప్పెక్కువైన రోజు గేటు దగ్గరే కుప్పకూలి చచ్చిపోయేది. మొన్న ఇంకోలా చెప్పారు కదండీ అంటే, నీకేం తెలుసు అనేవాడు. మూడింటిలో ఏది నిజమో చెప్పకుండానే నాలుగేళ్ల కిందట పోయాడు.

ఆయన పోయాక పిన్ని సాయంత్రపు బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకుంది. చదవడం వచ్చాక మొదట చేసిన పని ఫోన్‌లో ఆ సినిమా పేరు కొట్టడం. అరగంట పట్టింది. తెర మీద ఒక వాక్యం వచ్చింది. దాన్ని కూడబలుక్కుని చదవడానికి ఇంకో పావుగంట పట్టింది: "మీ ఉత్కంఠను కాపాడేందుకు ఈ చిత్రాన్ని నిన్నటి నుంచి దాచడమైనది."

కూతురిని అడిగింది. "అమ్మా, నిన్ను చూస్తే జాలేస్తోంది. కానీ పది నిమిషాలమ్మా" అంది కూతురు.

దుకాణంలో కటింగ్ మాస్టారిని అడిగింది. ఆయన కత్తెర కింద పెట్టి, పిన్నీ నన్నడక్కు, సంతకం పెట్టేశాను అన్నాడు. తర్వాత లేచాడు. సంచి చేతిలోకి తీసుకున్నాడు. ఒకసారి వెనక్కి చూసి, గడప దాటి వీధిలోకి వెళ్లాడు. పిన్ని గడప దాకా వెళ్లి చూసింది. అంతలో ఆయన తిరిగొచ్చి కూర్చున్నాడు.

"అదేంటి మాస్టారూ, దాటి మళ్లీ వచ్చేసిందా?"

"నేను సైగ చెయ్యలేదు పిన్నీ. దారపు ఉండలకని బయల్దేరి, ఏ రంగు కావాలో మరిచిపోయి వచ్చాను."

(ఈ సంఘటన మీద విభాగం వారు తర్వాత విచారణ జరిపారు. మాస్టారి పది నిమిషాల్లో నాలుగు కోత పడ్డాయి.)

వారం తిరక్కుండా నిరీక్షణ తనిఖీ అధికారి దుకాణానికి వచ్చాడు. ఫారంలో మూడే గడులున్నాయి: గుర్తున్నవారు, మరిచిపోయినవారు, చూడనివారు. ముగింపు తప్ప సినిమా అంతా చూసి, చూసినదేదీ మరవని మనిషికి గడి లేదు. దీనివల్ల పై ఆఫీసులో లెక్క ఒక మనిషి దగ్గర ఆగిపోయిందట. ఆయన స్టూలు మీద కూర్చుని పిన్ని చెప్పిన మూడు ముగింపులూ రాసుకున్నాడు. రాసుకుని ముఖం ముడుచుకున్నాడు.

"తెలియదంటున్నారు. కానీ మూడు చెబుతున్నారు. అందులో ఒకటి నిజమైతే మీకు మూడో వంతు తెలిసినట్టే కదమ్మా."

"ఏది నిజమో తెలియనప్పుడు తెలిసినట్టెలా అవుతుంది బాబూ?"

"పోనీ, మీరు ఏది నమ్మేవారు?"

"ఆ పూట కూరను బట్టి."

ఆయన నియమాల పుస్తకం తిరగేశాడు. పద్నాలుగో నియమం దొరికింది: భర్త భార్యకు చెప్పినది సమాచారం కిందికి రాదు. (ఈ నియమం రాసిన అధికారికి ఇంటి అనుభవం గట్టిదే.) దాంతో చిక్కు విడిపోయింది. ఇస్త్రీ బల్ల మీద కాగితం పరిచి, ముద్ర వేసి ఇచ్చాడు. పిన్ని దాన్ని వేలు పెట్టి చదివింది.

"ఈమెకు ఏమీ తెలియదని ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది." తలెత్తింది. "ముగింపు అన్న మాట పడలేదు బాబూ."

"ఫారంలో అంత చోటు లేదమ్మా."

మరి ఆ ముగింపు ఎప్పుడొస్తుందని అడిగింది. పన్నెండు వందల అరవయ్యో భాగంలో అన్నాడు. అప్పటిదాకా ఏటా ఒకసారి వచ్చి, ఇంకా బతికే ఉన్నానని, ఇంకా తెలియలేదని రెండు సంతకాలు పెట్టాలి. మొదటిది లేకపోయినా నడుస్తుంది, రెండోది తప్పనిసరి. ముగింపు మాత్రం ప్రేక్షకుల ఓటును బట్టి ఉంటుందట. ఇప్పటివరకు వెనక్కి తిరగడానికే ఎక్కువ ఓట్లు పడ్డాయి. ఇంటికొక ఓటు కాబట్టి ఇంటిపెద్దలే వేస్తున్నారు.

"సరే, సీరియల్ మీ ఇష్టం. పాత సినిమానైనా మళ్లీ బయటపెడతారా?"

"పెడతాం. రెండూ ఒకేలా ఉండేట్టు సరిచేసి."

పిన్ని సూది పక్కన పెట్టింది. "సరిచెయ్యకముందు ఆ అమ్మాయి ఏం చేసిందో అది చెప్పు బాబూ. నాకు కావలసింది అదొక్కటే."

"అది ఓట్లు లెక్కపెట్టాక తేలుతుందమ్మా" అని ఆయన ఓపిగ్గా చెప్పి, మాస్టారి దగ్గర చొక్కాకు కొలతలిచ్చి వెళ్లాడు.

పిన్ని మిగిలిన ఆరు కాజాలూ కుట్టి ఇంటికి వెళ్లింది. ధ్రువపత్రాన్ని భర్త ఫొటో కింద గోడకు అంటించింది. నీకేం తెలుసు అని ఆయన ముప్పై ఏళ్లు నోటిమాటగా అన్నదానికి ఇన్నాళ్లకు ముద్ర పడింది. తర్వాత పొయ్యి వెలిగించి కూర వండింది. ఉప్పు ఆయన నాలుకకు కాకుండా తన నాలుకకు సరిపోయేంత వేసింది. రుచి చూసింది. సరిపోయిందా అని ఎవరినీ అడగలేదు.

కూర బ్రహ్మాండంగా కుదిరింది. ఆ అమ్మాయి గడియ తీసి, పెట్టె చెయ్యి మార్చుకుని, గేటు దాటి రోడ్డెక్కింది.

నియమాల ప్రకారం ఈ సంగతి పిన్నికి తెలియదు.