ముసలాయన వెనక కొత్త పెళ్లికొడుకు

మేకు కొట్టాలన్నా ముందు పథకం వెయ్యనిదే సుత్తి పట్టడు కాబట్టి, ఆ వడ్రంగిని వీధంతా పథకాల మేస్త్రి అంటారు. ఈసారి ఆయన కన్ను ఇంట్లోని పాత డీజిల్ పికప్ మీద పడింది. దాన్ని వదిలించుకుని కొత్తది కొనాలి. అడ్డం ఎవరయ్యా అంటే, ఇల్లాలు.

"ముసలాయనకేం తక్కువ? ఆ పొగొక్కటి మానితే మీకంటే బుద్ధిమంతుడు," అని బండిని వెనకేసుకొస్తుందావిడ.

ముసలాయనకి సెల్ఫ్ పనిచెయ్యదు. అందుకని రోజూ షెడ్డు ముందు వాలులో ఆపి, చక్రం కింద రాయి పెడతారు. పొద్దున రాయి తీస్తే దొర్లుతూ స్టార్టవుతుంది. ఒక సాయంత్రం మేస్త్రి మాత్రం బండిని చదునులో ఆపాడు. తెల్లారితే డాక్టరమ్మ ఇంటికి చెక్క బీరువా చేరాలి. చేరకపోతే ఇక మీ గడప తొక్కనని ఆవిడ ముందే చెప్పేసింది.

పొద్దున బండి కదల్లేదు. "అయ్యో, పోయాడే!" అని మేస్త్రి నెత్తి కొట్టుకున్నాడు. అంతలో షోరూం అబ్బాయి ట్రయల్‌కని కొత్త పికప్ తెచ్చి, తాళం చేతిలో పెట్టి వెళ్లాడు.

"పిలవకుండానే వచ్చిందే! ఎంత జ్ఞానం!" అంది ఇల్లాలు.

"బీరువా దీంట్లో చేరితే కొందామా?"

"చేరితే కొందాం. మాటంటే మాటే."

మేస్త్రి ఎగిరి గంతేశాడు. బీరువా ఎక్కించి, పాత అలవాటు చొప్పున షెడ్డులో డ్రమ్ము అడుగున మిగిలిన డీజిల్ కొత్తదానికి పోశాడు. ముసలాయనైతే అందులో నీళ్లున్నా, తుప్పున్నా గుటకేసి ఓసారి దగ్గేవాడు. ఈ కొత్త పెళ్లికొడుకు వీధి చివర డాష్‌బోర్డులో ఎర్ర దీపం వెలిగించి, నడిరోడ్డు మీద అలిగి కూర్చున్నాడు.

మేస్త్రి సిగ్గు చంపుకుని ఇంటికి ఫోన్ చేశాడు. కాసేపటికి నల్లపొగ, దాని వెనక ముసలాయన, లోపల స్టీరింగ్ పట్టుకుని ఇల్లాలు.

"ఎలా స్టార్టయిందే?"

"వీధి వీధంతా వచ్చి తోశారు. నిన్న చదునులో ఎవరు ఆపారో కూడా వాళ్లే చెప్పారు. మోకు కట్టండి."

ముసలాయన దగ్గుతూ ముందు, పెళ్లికొడుకు మోకుకి వేలాడుతూ వెనక. డాక్టరమ్మ గుమ్మంలోకొచ్చి, "ఇదేం ఊరేగింపు?" అంది. బీరువా మాత్రం వేళకే దిగింది.

"బుద్ధొచ్చిందే. కొత్తది వద్దులే," అన్నాడు మేస్త్రి.

"ఎందుకొద్దు? బీరువా కొత్తదాంట్లోనే చేరిందిగా. కొందాం."

మేస్త్రి మొహం చేటంత అయింది.

"ముందు ఆ ట్యాంకు మీరే దగ్గరుండి కడిగించండి. కొత్తదాని తాళం నా దగ్గరుంటుంది. ముసలాయన మీకు. డ్రమ్ము డీజిల్ పోసేవాళ్లూ, తాగేవాళ్లూ ఒకచోట ఉండటమే మంచిది."

ఇప్పుడు పొద్దున్నే ఆవిడ ఏసీ వేసుకుని ముందు వెళ్లిపోతుంది. మేస్త్రి వాలులో వంగి రాయి తీస్తుంటాడు.